ఇంకో యాభై అడుగులు!

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో బోరు వేయించడం చూడని పిల్లలు అరుదు. బోరుబండి వస్తుంది. ఊరంతా చుట్టూ చేరుతుంది. ఇనుప గొట్టాలు ఒకదాని తరువాత ఒకటి నేలలోకి దిగుతూ ఉంటాయి. మూడువందల అడుగులు దాటినా రాతిపొడి తప్ప తేమ కనిపించదు. అప్పుడు రైతు అంటాడు: "ఇంకో యాభై అడుగులు వేసి చూద్దాం." ఆ యాభై అయినాక మరో యాభై. అడుగడుగుకీ డబ్బు ఖర్చే. అయినా ఆపలేడు. ఎందుకని? "ఇంతదాకా వేసి ఇప్పుడు ఆపితే పెట్టిందంతా దండగే గదా!" అనిపిస్తుంది. అలా వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని బోర్లు అక్కడ ఉన్నాయి. వాటి వెనుక అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలూ ఉన్నాయి.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నామో తెలుసా? మీలో చాలామంది కొద్ది ఏళ్లలో ఇంజనీరింగుకో, వైద్యానికో, వ్యవసాయ కోర్సుకో ప్రవేశ పరీక్ష రాస్తారు. పరీక్ష హాలులో కూర్చున్న ప్రతివారి దగ్గరా ఒక బోరుబండి ఉంటుంది. దాన్ని ఎప్పుడు ఆపాలో తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య ఎన్ని మార్కుల తేడా వస్తుందో లెక్కవేసి చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఒక్క ప్రశ్నకు ఎంత వ్యవధి?

మన రాష్ట్రంలో ఎంసెట్ 1986లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు. ఇందులో 160 ప్రశ్నలు, 3 గంటల వ్యవధి. ఇంజనీరింగు విభాగంలో గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. మూడు గంటలంటే 180 నిముషాలు, అంటే 10,800 సెకండ్లు. దాన్ని 160తో భాగించండి. ఒక్కో ప్రశ్నకు వచ్చేది 67.5 సెకండ్లు. ప్రశ్న చదవడం, ఆలోచించడం, లెక్క చేయడం, జవాబు గుర్తించడం, అన్నీ అందులోనే!

వైద్యవిద్య కోసం రాసే నీట్‌లో 2021 నుంచి 2024 వరకు 200 ప్రశ్నలిచ్చి 180కి జవాబు రాయమన్నారు. 2022 నుంచి 2024 వరకు వ్యవధి 200 నిముషాలు. 2025లో 180 ప్రశ్నలకు 180 నిముషాలే ఇచ్చారు. అంటే ప్రశ్నకు సరిగ్గా 60 సెకండ్లు. అదే 2025లో జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 180 నిముషాలు. ప్రశ్నకు 2 నిముషాల 24 సెకండ్లు. చూశారా! మూడూ మూడు గంటల పరీక్షలే. కానీ ఒక్కోదాని నడక వేరు. పైగా నియమాలు ఏటా మారవచ్చు. కనుక మీరు రాసే సంవత్సరం నోటిఫికేషన్ చదివి, ఈ భాగహారం మీరే చేసుకోవాలి.

అసలు ఈ గడియారం గొడవ ఎందుకు? మనకు తెలుసా, తెలియదా అన్నది చూస్తే చాలదా? మనస్తత్వశాస్త్రజ్ఞులు పరీక్షలను రెండు రకాలుగా చెబుతారు. ప్రశ్నలు తేలికగా ఉండి, ఎంత త్వరగా చేస్తారో చూసేది వేగపరీక్ష. కావలసినంత వ్యవధి ఇచ్చి, ఎంత కష్టమైన ప్రశ్న దాకా వెళ్లగలరో చూసేది శక్తిపరీక్ష. మన ప్రవేశ పరీక్షలు ఈ రెండింటి కలగలుపు. 1926లో అమెరికాలో కళాశాల ప్రవేశానికి శాట్ అనే పరీక్ష మొదటిసారి పెట్టినప్పుడు 315 ప్రశ్నలకు ఇచ్చిన వ్యవధి గంటన్నర కంటే కొంచెమే ఎక్కువ! కాబట్టి అన్నీ పూర్తి చేయలేకపోతే మీరు తెలివితక్కువవారని అనుకోనక్కరలేదు. చాలామంది పూర్తి చేయలేకపోయే విధంగానే వాటిని తయారు చేస్తారు.

ఇద్దరు విద్యార్థులు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పలమనేరు అబ్బాయి ఒకడు, పుత్తూరు అమ్మాయి ఒకతె ఈఏపీసెట్ రాస్తున్నారనుకోండి. ఇద్దరి చదువూ సమానం. వారికి 160 ప్రశ్నల్లో 100 తేలిక. ఒక్కోదానికి 45 సెకండ్లు. 40 మధ్యరకం, ఒక్కోదానికి 90 సెకండ్లు. 20 కఠినం, ఒక్కోదానికి 5 నిముషాలు. ఇవన్నీ కలగలిసి ఉన్నాయి: ప్రతి 8 ప్రశ్నల్లో 5 తేలిక, 2 మధ్యరకం, 1 కఠినం. ఇద్దరూ మొదలుపెట్టినదల్లా సరిగానే చేస్తారనుకుందాం.

అబ్బాయి వరుసగా చేసుకుపోయాడు. 8 ప్రశ్నలకు పట్టేది 225 + 180 + 300 = 705 సెకండ్లు. 10,800 సెకండ్లలో అలాంటి కట్టలు 15 పూర్తవుతాయి. అంటే 120 ప్రశ్నలు. ఇంకా 225 సెకండ్లు మిగిలాయి. వాటితో మరో 5 తేలిక ప్రశ్నలు. మొత్తం 125. గంట కొట్టేశారు. మిగిలిన 35 ప్రశ్నలు అతడు చూడనే లేదు. వాటిలో 20 ప్రశ్నలు 45 సెకండ్లలో చేయగలిగినవే!

అమ్మాయి మరో విధంగా చేసింది. ప్రశ్న చదివి, పది సెకండ్లలో దారి కనిపించకపోతే దాటిపోయింది. మొదటి చుట్టులో 100 తేలిక ప్రశ్నలు చేసింది, 60 వదిలింది: 75 నిముషాలు, చదివి వదిలినందుకు 10 నిముషాలు. రెండవ చుట్టులో 40 మధ్యరకం చేసి 20 మళ్లీ వదిలింది: సుమారు 63 నిముషాలు. ఇంకా 31 నిముషాల పైన ఉంది. దానితో 6 కఠినమైన ప్రశ్నలు చేసింది. మొత్తం 146.

తెలివి అదే, చదువు అదే, మూడు గంటలూ అవే. తేడా 21 మార్కులు! అమ్మాయికి ఎక్కువ తెలిసి కాదు, వదలడం తెలిసి ఆ మార్కులు వచ్చాయి. కష్టమైన ప్రశ్నకైనా తేలిక ప్రశ్నకైనా ఒకటే మార్కు కనుక, తక్కువ సమయం పట్టేవాటిని ముందు చేయడమే లాభం. కంప్యూటరులో అనేక పనులు వరుసలో ఉన్నప్పుడు చిన్నపని ముందు చేయించే పద్ధతి ఒకటి ఉంది. సూత్రం అదే.

ఎందుకు వదలలేం?

ఇంత సులభమైన లెక్క అందరికీ తెలిసినా హాలులో ఎందుకు పాటించలేరు? ఇక్కడే బోరుబండి గుర్తు తెచ్చుకోండి. ఒక ప్రశ్న మీద మూడు నిముషాలు పెట్టాక, "ఇంకొక్క నిముషం, వచ్చేస్తుంది" అనిపిస్తుంది. పెట్టిన మూడు నిముషాలు మనల్ని కట్టేస్తాయి. కానీ ఆ మూడు నిముషాలు ఎలాగూ తిరిగి రావు. పోయిన నీళ్లకు కట్ట కట్టలేం. వేసుకోవలసిన ప్రశ్న ఇది: "ఇక ముందు రాబోయే నిముషం ఎక్కడ పెడితే మార్కు వస్తుంది?"

ఇంకొక చిక్కు కూడా ఉంది. మనసు పనిలో లీనమైనప్పుడు కాలం ఎంత గడిచిందో మనకు సరిగా తెలియదు. కావాలంటే ఈ ప్రయోగం చేయండి. వాచీ మీ స్నేహితుడికి ఇవ్వండి. మీరు ఒక కష్టమైన లెక్క మొదలుపెట్టండి. రెండు నిముషాలైందని తోచగానే "ఆపు" అనండి. అసలు ఎంతసేపయిందో అతడు రాసుకోవాలి. పదిసార్లు చేయండి. మీ లోపలి గడియారం ఎంత తప్పు చూపిస్తుందో తెలుస్తుంది. అది తెలిస్తే పరీక్షలో దాన్ని నమ్మరు.

చివరి అయిదు నిముషాలు

ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. నాలుగు జవాబుల్లో ఒకటి సరైనది. చీటీ తీసినట్టు ఒకటి గుర్తించినా, సగటున నాలుగింట ఒకటి సరిపోతుంది. 20 ప్రశ్నలు ఖాళీగా వదిలితే సగటున 5 మార్కులు వదులుకున్నట్టే. అందుచేత చివరి 5 నిముషాలు దీనికి అట్టేపెట్టుకోండి.

జేఈఈ మెయిన్, నీట్‌లలో అలా కాదు. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు 1 పోతుంది. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలకు గుర్తిస్తే సగటున ఒకటి సరి, మూడు తప్పు: 4 - 3 = 1. అంటే ప్రశ్నకు పావు మార్కు. ఇది నామమాత్రం, అదృష్టం తిరగబడితే నష్టమే. కానీ రెండు జవాబులు తప్పని ఖాయంగా తేల్చుకున్నారనుకోండి, మిగిలిన రెండింటిలో ఒకటి గుర్తిస్తే ప్రశ్నకు సగటున ఒకటిన్నర మార్కు లాభం. కాబట్టి సగం తెలిసిన ప్రశ్నను ఖాళీగా వదలకండి. జవాబును అంకెగా రాయవలసిన ప్రశ్నలకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

గాలిగోపురం దగ్గర ఒకసారి

అలిపిరి నుంచి తిరుమలకు నడిచి ఎక్కారా? 3,550 మెట్లు. మొదట్లో గాలిగోపురం దాకా నిటారు. తరువాత చాలా దూరం చదునైన బాట. చివర మోకాళ్ల పర్వతం. మొదట్లోనే పరుగెత్తే కుర్రాళ్లు గాలిగోపురం చేరకుండానే కూలబడతారు. మెల్లగా, ఒకే తీరున ఎక్కే ముసలమ్మ వాళ్లను దాటిపోతుంది. ఆమె మెట్టుమెట్టుకూ ఎంత దూరం వచ్చామని చూసుకోదు. మజిలీ దగ్గరే చూసుకుంటుంది.

మీరూ అంతే. ప్రశ్న ప్రశ్నకూ గడియారం చూస్తే బెదురు పుడుతుంది. మనసులో లెక్క చేయవలసిన చోటును ఆ బెదురే ఆక్రమిస్తుంది. మజిలీలు పెట్టుకోండి. ఉదాహరణకు మొదటి చుట్టు 90 నిముషాలు, రెండవది 60, మూడవది 25, చివరి 5 మిగిలినవి గుర్తించడానికి. మధ్యలో బెదురు పుడితే రెండుమూడుసార్లు నెమ్మదిగా ఊపిరి వదలండి. గుండె వేగం తగ్గుతుంది.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఒక మాట. ఈఏపీసెట్‌లో ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటుంది. మీకు అలవాటైన భాషలోనే చదవండి. సందేహం వస్తేనే రెండవది చూడండి. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివి 6 సెకండ్లు పోగొట్టుకుంటే, 160 ప్రశ్నలకు 16 నిముషాలు పోతాయి.

వైకల్యం వల్ల రాయడం కష్టమైన స్నేహితులు మీ తరగతిలో ఉంటే ఈ సంగతి చెప్పండి: కేంద్రప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం వారికి గంటకు 20 నిముషాలకు తగ్గకుండా అదనపు వ్యవధి ఇవ్వాలి. దరఖాస్తు చేసేటప్పుడే అడగాలి.

ఇవన్నీ చదివి తెలుసుకుంటే చాలదు. ఈ ఆదివారమే మీ పాఠ్యపుస్తకంలోని 20 లెక్కలు తీసుకోండి. వాచీ ఎదురుగా పెట్టుకుని మూడు చుట్లుగా చేయండి. ఏ లెక్క దగ్గర "ఇంకో యాభై అడుగులు" అనిపించిందో దాని పక్కన ఒక చుక్క పెట్టండి. నెల తరువాత ఆ చుక్కలు తగ్గాయో లేదో చూసుకోండి. అన్నట్టు, వదిలిన లెక్కలను ఇంటి దగ్గర మాత్రం వదలకండి. ఇంటి దగ్గర మీకు గడియారం లేదు. అక్కడ ఎంత లోతుకు తవ్వితే అంత నీరు!