బాక్టీరియాలలో వైరస్ సదృశ కణాల తయారీ: హెపటైటిస్-ఇ టీకా

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• వైరస్ సదృశ కణం అంటే ఏమిటో, చంపిన వైరస్‌కూ దానికీ తేడా ఏమిటో చెప్పగలుగుతారు.
• ఇ. కోలై బాక్టీరియా సాయంతో ఈ కణాలను తయారుచేసే దశలను వరుసగా వివరించగలుగుతారు.
• బాక్టీరియా ఏ టీకాకు సరిపోతుందో, దేనికి సరిపోదో కారణాలతో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

1955-56 శీతాకాలంలో ఢిల్లీ తాగునీటి కోసం యమునా నది నుంచి తోడే నీటిలో మురుగునీరు కలిసింది. సుమారు 29 వేలమందికి పచ్చకామెర్లు సోకాయి. వారిలో గర్భిణుల మరణాలు ఎక్కువగా ఉన్నాయని ఆనాటి వైద్యులు గమనించారు. చాలాకాలం దీన్ని హెపటైటిస్-ఎ అనే భావించారు. భద్రపరచిన సీరమ్ నమూనాలను పరీక్షించాక, అది వేరే వ్యాధి అని 1980లో వెల్లడైంది. ఆ వ్యాధికారకాన్నే ఇప్పుడు హెపటైటిస్-ఇ వైరస్ అంటున్నాం. గర్భం చివరి మూడు నెలలలో ఈ వ్యాధి సోకినవారిలో 20 నుంచి 25 శాతం వరకు మరణించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇలాంటి వ్యాధికి టీకా ఎలా చేయాలి? వైరస్‌ను పెద్ద మొత్తంలో పెంచి, ఫార్మాలిన్ వంటి రసాయనంతో చంపి వాడటం పాత పద్ధతి. కాని హెపటైటిస్-ఇ వైరస్ ప్రయోగశాలలో వర్ధనం చేసిన కణాలలో సులువుగా పెరగదు. పెంచలేని వైరస్‌ను చంపి టీకా చేయడం కుదరదు కదా! అందుకే శాస్త్రజ్ఞులు మరో దారి వెతికారు.

9.2 వైరస్ సదృశ కణం అంటే ఏమిటి?

వైరస్‌లో ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. లోపల జన్యుపదార్థం, దాని చుట్టూ కాప్సిడ్ అనే ప్రోటీన్ తొడుగు. ఈ తొడుగు ఒకే రకం లేదా కొద్ది రకాల ప్రోటీన్ అణువులు పదుల, వందల సంఖ్యలో క్రమంగా పేరుకోవడం వల్ల ఏర్పడుతుంది. చాలా వైరస్‌లలో ఈ అమరికకు జన్యుపదార్థం తప్పనిసరి కాదు. తగిన పరిస్థితులు కల్పిస్తే ప్రోటీన్ అణువులు వాటంతట అవే ఒకదానితో ఒకటి చేరి తొడుగుగా మారతాయి. దీన్ని స్వయం సంయోజనం అంటారు. ఇలా ఏర్పడిన ఖాళీ తొడుగే వైరస్ సదృశ కణం. దీన్ని పొడి అక్షరాలలో వి.ఎల్.పి. అంటారు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. తెలుగులో 'సెల్'ను, 'పార్టికల్'ను కూడా కణం అనే అంటాం. గందరగోళం లేకుండా, ఇకపై ఈ పాఠంలో జీవకణాన్ని 'కణం' అని, వైరస్ సదృశ కణాన్ని 'వి.ఎల్.పి.' అని రాస్తాం.

వి.ఎల్.పి. అంటే చంపిన వైరస్ అని చాలామంది విద్యార్థులు రాస్తుంటారు. అది సరికాదు. చంపిన వైరస్ ఒకప్పుడు సజీవ వైరస్. దానిలో జన్యుపదార్థం కూడా ఉంటుంది. వి.ఎల్.పి.లో వైరస్ జన్యువులు ఎప్పుడూ లేవు. కాబట్టి అది వృద్ధి చెందే ప్రశ్నే లేదు.

9.3 రోగనిరోధక వ్యవస్థ దీన్ని ఎందుకు గుర్తిస్తుంది?

విడి ప్రోటీన్‌ను టీకాగా ఇస్తే చాలాసార్లు ప్రతిస్పందన బలహీనంగా ఉంటుంది. అదే ప్రోటీన్ వి.ఎల్.పి. రూపంలో ఉంటే ప్రతిస్పందన బలపడుతుంది. దీనికి రెండు ముఖ్య కారణాలున్నాయి. ఒకటి, ఉపరితలంపై ఒకే ఆకృతి పదేపదే కనిపిస్తుంది. అందువల్ల బి-లింఫోసైట్‌పై ఉన్న అనేక గ్రాహకాలు ఒకేసారి దానికి అతుక్కొని ఆ కణాన్ని గట్టిగా ఉత్తేజపరుస్తాయి. రెండు, పరిమాణం. పదుల నానోమీటర్ల వ్యాసమున్న వి.ఎల్.పి.లు శోషరస గ్రంథులకు సులువుగా చేరతాయి. డెండ్రైటిక్ కణాలు వాటిని చక్కగా లోపలికి తీసుకుంటాయి.

9.4 తయారీ దశలు

చైనాలోని షియామెన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు రూపొందించిన హెపటైటిస్-ఇ టీకాను ఉదాహరణగా తీసుకుందాం.

అ) జన్యుఖండం ఎంపిక: ఈ వైరస్ కాప్సిడ్ ప్రోటీన్‌లో 660 అమైనో ఆమ్లాలున్నాయి. శాస్త్రజ్ఞులు మొదట 394 నుంచి 606 వరకు ఉన్న ముక్కను తీసుకున్నారు. అది జంటలుగా మాత్రమే చేరింది, తొడుగుగా మారలేదు. ముందువైపు మరో 26 అమైనో ఆమ్లాలు చేర్చి, 368 నుంచి 606 వరకు తీసుకున్నప్పుడు సుమారు 20-30 నానోమీటర్ల వి.ఎల్.పి.లు ఏర్పడ్డాయి. మొత్తం 239 అమైనో ఆమ్లాలు కాబట్టి దీనికి హెచ్.ఇ.వి. 239 అని పేరు వచ్చింది. పాత ముక్క కంటే ఇది ఎన్నో రెట్లు బలమైన ప్రతిజనకం. 26 అమైనో ఆమ్లాలు తెచ్చిన తేడా ఇది!

ఆ) బాక్టీరియాలో ప్రవేశపెట్టడం: ఈ జన్యుఖండాన్ని ప్లాస్మిడ్ వాహకంలో చేర్చి ఇ. కోలైలోకి పంపుతారు. అనుకూల పరిస్థితులలో ఇ. కోలై సుమారు 20 నిమిషాలకొకసారి విభజన చెందుతుంది. చౌకైన పోషక యానకంలో, పెద్ద కిణ్వన పాత్రలలో పెరుగుతుంది. టీకా ధర తగ్గాలంటే ఇది చాలా ముఖ్యం.

ఇ) ప్రోటీన్ సేకరణ: ఎక్కువ వేగంతో తయారైన ప్రోటీన్ తరచుగా సరిగా ముడుచుకోక, కణం లోపల గడ్డలుగా పేరుకుంటుంది. వీటిని అంతస్థ దేహాలు అంటారు. హెచ్.ఇ.వి. 239 కూడా ఇలాగే పేరుకుంటుంది. ఇది నష్టమే అనిపించినా ఒక లాభం ఉంది. కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బరువైన గడ్డలు అడుగుకు చేరతాయి. మలినాలలో చాలా భాగం అక్కడే తొలగిపోతుంది.

ఈ) కరిగించి, తిరిగి అమర్చడం: గడ్డలను యూరియా ద్రావణంలో కరిగించి, క్రొమటోగ్రఫీతో శుద్ధి చేస్తారు. తరవాత యూరియాను క్రమంగా తొలగిస్తారు. అప్పుడు ప్రోటీన్ అణువులు సరైన ఆకృతికి వచ్చి వి.ఎల్.పి.లుగా చేరతాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో దీన్ని నిర్ధారిస్తారు.

ఉ) ఎండోటాక్సిన్ తొలగింపు: ఇ. కోలై గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా. దాని వెలుపలి త్వచంలోని లైపోపాలీశాకరైడ్ రక్తంలోకి చేరితే జ్వరం, తీవ్రస్థితిలో షాక్ కలుగుతాయి. మరిగించినంత మాత్రాన ఇది నశించదు. అందుకే శుద్ధీకరణలో దీన్ని వేరుచేసి తీసివేయాలి. లిమ్యులస్ అనే సముద్రజీవి రక్తకణాల సారంతో, మిగిలిన పరిమాణం అనుమతించిన హద్దులోపు ఉందో లేదో పరీక్షిస్తారు.

ఊ) చివరి రూపం: శుద్ధమైన ప్రతిజనకాన్ని అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు అంటించి టీకా తయారుచేస్తారు. ఒక మోతాదులో 30 మైక్రోగ్రాముల ప్రతిజనకం ఉంటుంది. 0, 1, 6 నెలలలో మూడు మోతాదులు ఇస్తారు.

9.5 ఫలితాలు

చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో 1,12,604 మందిపై ఈ టీకాను పరీక్షించారు. సగంమందికి ఈ టీకా, తక్కినవారికి పోలిక కోసం హెపటైటిస్-బి టీకా ఇచ్చారు. మూడు మోతాదులూ పూర్తిగా తీసుకున్నవారిని తరవాతి 12 నెలలు గమనించగా, పోలిక వర్గంలో 15 మందికి హెపటైటిస్-ఇ సోకింది. టీకా వర్గంలో ఒక్కరికీ సోకలేదు. నాలుగున్నర ఏళ్ల పరిశీలనలో రక్షణ 86.8 శాతంగా తేలింది. 2011లో చైనా దీనికి అనుమతి ఇచ్చింది. 2022లో దక్షిణ సూడాన్‌లోని బెంటియు శిబిరంలో వ్యాధి ప్రబలినప్పుడు గర్భిణులతో సహా నిర్వాసితులకు ఈ టీకా వేశారు.

9.6 బాక్టీరియా పరిమితులు

బాక్టీరియా అన్ని టీకాలకూ పనికిరాదు. ప్రోటీన్‌కు చక్కెర అణువులను మన కణాల మాదిరిగా జోడించే యంత్రాంగం ఇ. కోలైలో లేదు. హెపటైటిస్-బి ఉపరితల ప్రతిజనకం కొవ్వు పదార్థంతో కలిసి రేణువుగా ఏర్పడుతుంది. దానికి ఈస్ట్ అనువైన అతిథేయి. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన షాన్‌వాక్-బి టీకా ఈస్ట్‌లో తయారైనదే. అతిథేయిని ఎన్నుకునేటప్పుడు ధర ఒక్కటే కాదు, ప్రోటీన్ స్వభావమూ చూడాలి.

మరో సంగతి. మూడు మోతాదులు పూర్తికావడానికి ఆరు నెలలు పడుతుంది. కలుషిత నీటి వల్ల వ్యాధి వ్యాపించడానికి కొన్ని వారాలు చాలు. కాబట్టి టీకా ఎంత మంచిదైనా, శుభ్రమైన తాగునీటికి ప్రత్యామ్నాయం కాదు.

9.7 సారాంశం

వి.ఎల్.పి. జన్యుపదార్థం లేని ప్రోటీన్ తొడుగు. పునరావృతమయ్యే ఉపరితలం వల్ల బలమైన రోగనిరోధకతను కలిగిస్తుంది. ఇ. కోలైలో తక్కువ ఖర్చుతో ఎక్కువగా తయారుచేయవచ్చు. అయితే ప్రోటీన్‌ను తిరిగి ముడవడం, ఎండోటాక్సిన్ తొలగించడం అదనపు పనులు.

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వి.ఎల్.పి. శరీరంలో వృద్ధి చెందదు. ఎందుకు?
2. అంతస్థ దేహాల వల్ల కలిగే ఒక లాభాన్ని, ఒక ఇబ్బందిని రాయండి.
3. హెచ్.ఇ.వి. 239 తయారీ దశలను వరుసక్రమంలో వివరించండి.
4. హెపటైటిస్-బి టీకాకు ఇ. కోలై బదులు ఈస్ట్‌ను ఎందుకు ఎన్నుకున్నారో చర్చించండి.