రెండు గీతల నడుమ ఓటరు

భూపటముపై జిల్లా కొక గీత యుండును, శాసనసభా నియోజకవర్గమున కొక గీత యుండును. పలుచోట్ల ఈ రెండును కలిసి సాగుటచే అవి ఒకటే యని విద్యార్థులు భ్రమపడుట కలదు. కాని వాటి పుట్టుక వేరు. వాటిని మార్చు అధికారము వేరు. మొదటి గీత కదలి రెండవది నిలిచిపోయినచో ప్రజల గతి యేమగునో గోదావరి, శబరి తీరములందలి ఏడు మండలముల చరిత్ర తెలుపుచున్నది.

జిల్లా హద్దులను రాష్ట్ర ప్రభుత్వము మార్చగలదు. నియోజకవర్గముల హద్దులను మాత్రము పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి పునర్విభజన సంఘము నిర్ణయించును. 1952, 1962, 1972, 2002 సంవత్సరముల చట్టములచే అట్టి సంఘము లేర్పడినవి. 2002 నాటి చట్టముచే ఏర్పడిన సంఘము 2001 జనాభా లెక్కలను ఆధారముగా గైకొన్నది. దాని నిర్ణయములు ఆంధ్రప్రదేశ్‌లో 2009 ఎన్నికలనుండి అమలైనవి. ఆ ఉత్తర్వులలో గీతలకు బదులు పేర్లుండును. ఏ నియోజకవర్గమున ఏ మండలములు చేరునో అందు వ్రాయబడియుండును.

భద్రాచలం ప్రాంతము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. ఆ యేట ఖమ్మం జిల్లాలో చేరినది. 2014లో రాష్ట్ర విభజన జరుగునప్పుడు పోలవరం జలాశయపు ముంపు ప్రాంతము ఏ రాష్ట్రమున నుండవలెనను సమస్య తలయెత్తినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 30న ఈ మండలముల ప్రజలు భద్రాచలం, పినపాక, అశ్వారావుపేట స్థానములకు ఓటు వేసిరి. నెల తిరుగక మునుపే, మే 29న, ఆర్డినెన్సు వెలువడినది. జూలైలో పార్లమెంటు దానిని చట్టముగా ఆమోదించినది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలములు, భద్రాచలం పట్టణము మినహా ఆ మండలపు గ్రామములు తూర్పు గోదావరి జిల్లాకు వచ్చినవి. కుకునూరు, వేలేరుపాడు మండలములు, బూర్గంపాడు మండలమందలి కొన్ని గ్రామములు పశ్చిమ గోదావరి జిల్లాకు వచ్చినవి.

ఊళ్లు రాష్ట్రము మారినవి; ఓట్లు మారలేదు. ముంపు గ్రామములకు పరిహారము, పునరావాసము కల్పింపవలసినది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము. వారెన్నుకొన్న శాసనసభ్యులు కూర్చున్నది తెలంగాణ శాసనసభలో. అడుగవలసిన సభలో వారికి ప్రతినిధి లేడు. ప్రతినిధి యున్న సభకు వారి ఊళ్లపై అధికారము లేదు. ఇల్లు విడువవలసిన గిరిజన కుటుంబమునకు ఇది పటములోని చిక్కు మాత్రమే కాదు.

2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ రద్దగుటతో ఈ సందేహము ఇక వాయిదా వేయరానిదైనది. ఈ ఓటర్లు ఏ రాష్ట్రమున ఓటు వేయవలెను? ఎన్నికల సంఘము ఆ నెలలోనే ఉత్తర్వులు సవరించినది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక మండలములను రంపచోడవరం నియోజకవర్గములోను, కుకునూరు, వేలేరుపాడు మండలములను పోలవరం నియోజకవర్గములోను చేర్చినది. ఓటర్ల జాబితాలును తదనుగుణముగా మారినవి. ఆ డిసెంబరు 7న జరిగిన తెలంగాణ ఎన్నికలలో వీరు ఓటర్లు కారు. 2019 ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఓటు వేసిరి. ఒక ఓటు తన ఊరిని చేరుకొనుటకు అయిదేండ్లు పట్టినది.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల స్వరూపము మారినప్పుడు చింతూరు మొదలగు నాలుగు మండలములు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, తక్కిన రెండు ఏలూరు జిల్లాలోను చేరినవి. అప్పుడును నియోజకవర్గముల గీతలు కదలలేదు. కాని ఆ మార్పు ఒకే రాష్ట్రములోనిది గనుక ఎవరి ఓటును పరాయి సభకు పోలేదు.

హద్దును మార్చు చట్టము, నియోజకవర్గమును సరిచేయు ఉత్తర్వు, ఓటరు పేరు గల జాబితా - ఈ మూడును ఒక్క మాట చెప్పిననే సందేహము తీరును. మొదటిదానికిని తక్కిన రెండింటికిని నడుమ గడచిన కాలమంతయు పౌరుడు మూగవాడై యుండును. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు జిల్లా పటము ప్రక్కనే నియోజకవర్గ పటమును గూడ గోడకు తగిలించినచో ఈ సత్యము బాలురకు సులభముగా బోధపడును.