మార్కు తగ్గినప్పుడు మనతో మనం ఎలా మాట్లాడుకుంటాం?

రివిజన్ పరీక్షల పేపర్లు చేతికొచ్చే రోజుల్లో తరగతి గదిలో ఒక మాట తరచుగా వినబడుతుంది. "నేను మొద్దు సార్, నాకు రాదు." తమిళం పేపరు ఇచ్చిన రోజయితే మరీనూ. సాయంత్రం ఇంట్లో అదే మాట ఇంకో గొంతులో వస్తుంది. "పక్కింటి పిల్లకి వస్తుంది, నీకెందుకు రాదు?" ఈ రెండు మాటల గురించే ఈ నాలుగు ముక్కలు. పిల్లలు సగం చదివి ఆపినా ఫర్వాలేదు, పెద్దవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

ముందు మన హోసూరు, కృష్ణగిరి పిల్లల సంగతి చూడండి. ఇంట్లో తెలుగు. బస్టాండులో, ఆఫీసుల్లో తమిళం. అత్తిబెలె దాటితే కన్నడం. పుస్తకాల్లో, సెల్‌ఫోనులో ఇంగ్లీషు. పదేళ్ల పిల్ల ఒక్క రోజులో ఇన్ని భాషల మధ్య తిరుగుతుంది. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు, ఆ పిల్ల కూడా తీసుకోదు.

2006లో తమిళనాడులో తమిళం నేర్పే చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి, 2015-16కి పదో తరగతి చేరింది. ఇతర భాషల పిల్లలకు పదో తరగతి తమిళం పేపరు నుంచి మినహాయింపు కావాలని కోర్టులకు వెళ్లడం, కొంత కాలానికి మినహాయింపు రావడం, మళ్లీ వెళ్లడం జరుగుతూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది కూడా ఒక్క ఏడాదికే. చట్టం మంచిచెడ్డలు పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. మనం చూడాల్సింది, "ఈసారి రాయాలా, వద్దా?" అన్న అనుమానం పిల్లల మనసు మీద ఎంత బరువు వేస్తుందన్నది. మీ తరగతికి ఈ ఏడాది ఏది వర్తిస్తుందో నేరుగా హెడ్మాస్టరు గారిని అడగండి. వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్ముకుని నెలల తరబడి భయపడొద్దు.

ఇక తప్పుల సంగతి. తమిళం పేపర్లో ఎర్ర గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో ఒకసారి తీరిగ్గా చూడండి. మనకు ర ఒక్కటే, తమిళంలో రెండు. మనకు ల, ళ రెండే, తమిళంలో వాటికి తోడు మూడోది ఉంది. 'తమిళ్' అన్న మాట చివర వచ్చేది అదే. మనం న అని ఒకే రకంగా పలికేదానికి అక్కడ రెండు అక్షరాలు. పాత తెలుగులో మనకూ బండి ఱ ఉండేది, వాడుకలోంచి పోయింది. అందుకే మన చెవికి ఆ తేడా అంత తొందరగా పట్టుబడదు. అంటే తెలుగు పిల్ల ర రాయాల్సిన చోట ఇంకో ర రాసిందంటే అది మొద్దుతనం కాదు. చెవి తెలుగు లెక్క ప్రకారం వింటోంది, అంతే. కారణం తెలిసిన తప్పును దిద్దుకోవచ్చు. "నేనే అంత" అనుకుంటే దిద్దడానికి ఏమీ మిగలదు.

తనను తాను తిట్టుకుంటే పట్టుదల వస్తుందని మనలో చాలామందికి నమ్మకం. దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. 2012లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అనే పరిశోధకులు విద్యార్థులకు మాటల అర్థాల మీద చాలా కష్టమైన పరీక్ష ఒకటి పెట్టారు. అందరికీ అది కష్టంగానే ఉంది. తర్వాత కొందరికి "ఇది చాలామందికి కష్టమే, మీ మీద మీరు కఠినంగా ఉండకండి" అన్నారు. ఇంకొందరికి "మీరు తెలివైనవాళ్లు" అని పొగిడారు. మిగిలినవాళ్లకు ఏమీ చెప్పలేదు. రెండో పరీక్షకు ఎక్కువసేపు చదువుకున్నది మొదటి గుంపు. పొగిడించుకున్నవాళ్లు కాదు.

టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టిన్ నెఫ్ ఈ విషయం మీద 2003 నుంచి రాస్తున్నారు. ఆవిడ చెప్పేవి మూడు. స్నేహితురాలితో మాట్లాడినట్టు మనతో మనం మాట్లాడుకోవడం. ఈ కష్టం నాకొక్కదానికే రాలేదని గుర్తుంచుకోవడం. బాధను దాచకుండా, పెంచకుండా ఉన్నంతే చూడడం. చెప్పడానికి సులువే. చేయడానికి ఇలా మొదలుపెట్టండి. నోటుబుక్కు వెనక పేజీలో, "ఇదే మార్కు నా ఫ్రెండుకి వస్తే నేనేమంటాను?" అని రాసి, జవాబు కూడా రాయండి. "మొద్దు" అని మాత్రం రాయరు. "ఏడవకు, రెండో ప్రశ్న ఇద్దరం కలిసి చూద్దాం" అని రాస్తారు. ఆ మాట మీకు మీరు చెప్పుకోండి. మొదట్లో కాస్త నవ్వొస్తుంది, రానీండి.

ఆశ అంటే "అంతా బాగైపోతుంది" అని కళ్లు మూసుకోవడం అనుకుంటారు. దానికి నిలబడే కాళ్లు లేవు. రేపు చేయగలిగిన ఒక చిన్న పని తెలిసి ఉంటే చాలు. రోజుకు అయిదు తమిళ మాటలు, రెండు ర-లు వచ్చేవి, గట్టిగా పలికి రాయడం. వారంలో ఒక రోజు మానినా ముప్పై మాటలు.

మన కృష్ణగిరి మామిడి తోటల వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు కాపు తగ్గే రకాలు చాలా ఉన్నాయి. కాపు తగ్గిన ఏడు చెట్టుని తిట్టే రైతు ఎవరూ ఉండరు. కొమ్మలు కత్తిరిస్తారు, ఎరువు వేస్తారు, పురుగు చూస్తారు. అదే రైతు సాయంత్రం ఇంటికొచ్చి మార్కు షీట్ చూసి ఎలా మాట్లాడతాడన్నది వేరే సంగతి!

తల్లిదండ్రులతో ఒక మాట. పిల్లలు తమతో తాము మాట్లాడుకునే భాష మీ దగ్గర నేర్చుకున్నదే. మీరు అనే మాట వాళ్ల తలలో ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. కాబట్టి పేపరు చూసిన వెంటనే మార్కు అడగకండి. "ఏ ప్రశ్న కష్టమైంది?" అనండి. మీరు కూడా షిఫ్టు దిగి వచ్చి, అప్పుల లెక్కలు చూసుకుని, "నావల్లే ఇల్లు ఇలా అయింది" అని పైకి అంటూ ఉంటే పిల్లలు అదీ వింటున్నారు. "ఈ నెల కష్టంగానే ఉంది, వచ్చే నెలకు ఇలా చేద్దాం" అనడం వాళ్లకు మంచి పాఠం.

పదో తరగతిలో ఒక సబ్జెక్టులో 35 రాకపోతే ఏడాది పోయినట్టు కాదు. ఫలితాలు వచ్చిన కొన్ని వారాలకే సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. అందులో గట్టెక్కినవాళ్లు అదే ఏడాది ప్లస్ వన్‌లో చేరవచ్చు. ఫలితం వచ్చిన సాయంత్రం ఇంట్లో ముందుగా వినబడాల్సిన మాట ఇది. బంధువులకు ఫోన్లు తర్వాత చేసుకోవచ్చు.

పిల్లలు రోజుల తరబడి అన్నం సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ కలవకపోయినా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట ఒక్కసారి అన్నా, దాన్ని అలక అనుకోకండి. పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా కన్నా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడొద్దు, అడిగితే బరువు దిగుతుంది. ఆ రోజు పిల్లని ఒంటరిగా వదలకండి. టీచరుకు చెప్పండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి-మానస్‌కు 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లలు తామే ఫోన్ చేయాలనుకుంటే 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ ఇవాళే ఇంట్లో క్యాలెండరు పక్కన, పిల్లలకు కనబడేలా రాసి పెట్టండి.