ఒక మాట, మూడు వాక్యములు

సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యముల పేర్లు కంఠస్థమైనను, ఆంగ్ల పరీక్షలో మన విద్యార్థులు తడబడుట కద్దు. దీనికి మూలము మాతృభాషయందే కలదు. “రాముడు భోజనము చేసి బడికి వెళ్లెను” అనునది తెలుగున సంశ్లిష్ట వాక్యము. ‘చేసి’ అసమాపక క్రియ. ఆంగ్లమున ఈ భావమునే మూడు రీతుల చెప్పవచ్చును.

“హేవింగ్ ఈటెన్, రామా వెంట్ టు స్కూల్” అన్నచో సమాపక క్రియ ఒక్కటే, ఇది సామాన్యము. “రామా ఏట్, అండ్ హి వెంట్ టు స్కూల్” అన్నచో రెండు ఉపవాక్యములును స్వతంత్రములు, ఇది సంయుక్తము. “ఆఫ్టర్ రామా ఏట్, హి వెంట్ టు స్కూల్” అన్నచో మొదటిది రెండవదానిపై ఆధారపడినది, ఇది సంశ్లిష్టము.

కావున తెలుగు వాక్యమునకు గల పేరును ఆంగ్లానువాదమునకు తగిలింపరాదు. ముందు సమాపక క్రియలను లెక్కింపుడు; పిదప ఏ ఉపవాక్యము తనంత తాను నిలువగలదో చూడుడు. పేరు దానంతట అదే తెలియును.