విత్తనం వంటి సొమ్ము

పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఒక సాయంకాలం, ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకొని ఊరిలోని రిటైరైన మాష్టారి ఇంటికి వచ్చాడు.

"మాష్టారూ! ఉన్న ఎకరంన్నర అమ్మేసి వీణ్ణి పట్నంలో పెద్ద కాలేజీలో వేద్దామనుకుంటున్నానండీ. నా బతుకు ఎటూ మట్టిలోనే గడిచింది. వీడైనా నీడపట్టున కూర్చుని తినాలి గదా!"

మాష్టారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత పిల్లవాణ్ణి అడిగారు. "నీకేం చదవాలని ఉందిరా?"

పిల్లవాడు తండ్రి వైపు చూచి తల వంచుకొన్నాడు. "వ్యవసాయం చదువు ఉంటుందట గదండీ" అన్నాడు మెల్లగా.

తండ్రికి నవ్వు వచ్చింది. "వ్యవసాయానికి చదువేమిట్రా? అది నేను నేర్పనా?"

ఇటువంటి మాటలు మన గ్రామాలలో అనేక కుటుంబాలలో వినబడుతుంటాయి. పిల్లల చదువు కోసం భూమి అమ్మడం ప్రేమతో చేసే పనే. అయితే ఆ రైతుకు తెలియని సంగతి ఒకటి ఉన్నది. భూమి అమ్మిన రోజున, ఆ భూమి మూలంగా తన కొడుకుకు రాగల సీటు కూడా చేజారిపోతుంది. ఆ వివరం చెప్పేముందు, సహాయంగా వచ్చిన సొమ్ము ఏ విధంగా నిలుస్తుందో ఒక ప్రాంతాన్ని చూచి తెలుసుకొందాం.

జహీరాబాదు స్త్రీలు చేసి చూపినది

పూర్వపు మెదక్ జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాదు ప్రాంతంలో వర్షాధారపు చేలు ఎక్కువ. 1983లో పస్తాపూరు కేంద్రంగా ఆరంభమైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి గ్రామాలలోని పేద స్త్రీలను, ముఖ్యంగా దళిత స్త్రీలను సంఘాలుగా కూర్చింది. వారిలో చాలామందికి కొద్దిపాటి భూమి ఉన్నా అది రాళ్లూ రప్పలూ గల నేల. పెట్టుబడి లేక బీడుపడి ఉండేది. భూమి ఉండి కూడా కూలికి పోవడం, రేషను బియ్యం కోసం ఎదురుచూడడం వారికి తప్పలేదు. తాతముత్తాతలు తిన్న జొన్న, సజ్జ, కొర్ర వారి కంచాలలో నుండి మెల్లమెల్లగా తప్పుకొన్నాయి.

1990ల మధ్యకాలంలో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ సహాయంతో ఈ సంఘాలు ఒక ఏర్పాటు చేసుకొన్నాయి. బీడు భూమి గల రైతుకు దుక్కికి, ఎరువుకు, విత్తనానికి, కలుపుకు కొంత సొమ్ము ముందుగా ఇస్తారు. ఆ సొమ్మును రైతు రూపాయలలో తిరిగి కట్టడు. పంట చేతికి వచ్చాక కొన్ని సంవత్సరాలపాటు జొన్నలుగా ఊరి ధాన్యనిధికి కొలుస్తాడు.

ఆ జొన్నలు ఎవరికి చేరాలి? దానిని పై అధికారులు నిర్ణయించలేదు. ఊరి స్త్రీలే నేలమీద ఊరి పటం గీసి, ఏ ఇంట ఎంత పేదరికం ఉన్నదో అందరి ఎదుట తేల్చారు. మిక్కిలి పేదవారికి ఎక్కువ జొన్నలు, తక్కువ ధరకు. అలా అమ్మగా వచ్చిన సొమ్ము మరల నిధిలో చేరింది. చేలలో పని లేక, ఇంట గింజ లేక గడిచే వర్షాకాలపు రోజులలో ఆ గాదె ఎందరో తల్లులకు ఆదరువు అయ్యింది.

విత్తనం విషయంలోనూ ఇదే పద్ధతి. జొన్నతోపాటు కంది, పెసర, అనుము, సజ్జ, కొర్ర ఒకే చేనులో కలిపి వేస్తారు. ఒకటి పోయినా మరొకటి దక్కుతుంది. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచి, అవసరమైనవారికి ఇస్తారు. తీసుకొన్నవారు పంట వచ్చాక కొంత కలిపి తిరిగి కొలుస్తారు.

పిల్లల చదువును కూడా వారు మరువలేదు. మాచ్‌నూర్‌లో నెలకొల్పిన పచ్చసాలెలో పుస్తకాల చదువుతోపాటు సేద్యం, వడ్రంగం, కుమ్మరి పని, కుట్టుపని, పుస్తకాల బైండింగు వంటివి నేర్పారు. ఎప్పుడూ బడి ముఖం చూడని స్త్రీలు వీడియో కెమెరా పట్టారు. 2008లో తమ సొంత రేడియో ప్రారంభించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారు ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు లభించింది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటి. వారికి అందిన సొమ్ము చాలా పెద్దదేమీ కాదు. దానిని వారు వండుకొని తినే గింజగా చూడక విత్తే గింజగా చూచారు. ఒక ఇంటికి వచ్చినది ఆ ఇంట ఆగిపోకుండా పొరుగింటికి సాగింది.

చదువుకు ఉన్న దారులు

ఇప్పుడు మన రైతు కొడుకు సంగతికి వద్దాం.

పదవ తరగతి తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో రెండు సంవత్సరాల డిప్లొమా ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు సమీపాన లాంలో కేంద్రం గల ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణలో రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ డిప్లొమాలు నడుపుతున్నాయి. డిప్లొమా ముగించినవారు అగ్రిసెట్ పరీక్ష వ్రాసి వ్యవసాయ డిగ్రీలో చేరవచ్చు. ఉద్యోగాల మాటకు వస్తే, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకుల పోస్టులకు డిప్లొమా వారిని కూడా తీసుకొన్నారు.

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎస్సీ వ్యవసాయంలో చేరవచ్చు. ఇక్కడే రైతు కోటా ఉన్నది. సీట్లలో కొంత భాగం రైతుల బిడ్డలకు కేటాయించే పద్ధతి చాలాకాలంగా సాగుతున్నది. దానికి ముఖ్యమైన షరతులు రెండు. తల్లిదండ్రుల పేర కనీసం ఎకరం భూమి ఉండాలి. బిడ్డ కనీసం నాలుగేళ్లు గ్రామీణ ప్రాంతపు బడిలో చదివి ఉండాలి. ఉన్న ఎకరంన్నర అమ్మివేస్తే పోయేది ఏమిటో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

అఖిల భారత పరీక్ష వ్రాసి వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో వ్యవసాయ సీటు సంపాదించినవారికి భారత వ్యవసాయ పరిశోధనా మండలి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఇవిగాక పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పులు, ఫీజు సహాయం ఉన్నాయి. వాటికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు అవసరం.

ఈ సందర్భంలో మన కుటుంబాలు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారిని మన రెండు రాష్ట్రాలలో బీసీ-సీ వర్గంగా గుర్తించారు. ధ్రువపత్రం ఆ ప్రకారమే తీసుకోవాలి. షెడ్యూల్డు తెగల వారికి మతంతో నిమిత్తం లేదు. దరఖాస్తులో ఒక విధంగా, ధ్రువపత్రంలో మరొక విధంగా ఉంటే వచ్చిన సీటు కూడా చిక్కులో పడుతుంది.

చదువు ముగిశాక చేతికి పని

హైదరాబాదులోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో 2002 నుండి అగ్రి క్లినిక్కులు, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం నడుస్తున్నది. వ్యవసాయ డిగ్రీ, డిప్లొమా గల యౌవనస్థులకు ఉచితంగా 45 రోజులు శిక్షణ ఇస్తారు. తరువాత సొంతంగా భూసార పరీక్షా కేంద్రమో, నర్సరీయో, అద్దెకు యంత్రాలిచ్చే కేంద్రమో పెట్టుకొనడానికి బ్యాంకు అప్పు ఇస్తుంది. ఒక్కరికి 20 లక్షల వరకు ఖర్చుగల పనికి సబ్సిడీ వర్తిస్తుంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం, ఇతరులకు 36 శాతం.

పెద్ద చదువు లేనివారికి 2020 జూన్‌లో మరొక పథకం వచ్చింది. చిన్న ఆహార తయారీదారుల కోసం కేంద్రం, రాష్ట్రాలు కలిసి చేపట్టిన దీనిని పీఎం ఎఫ్ఎంఈ అంటారు. పిండిమర, నూనె గానుగ, కారం, పచ్చళ్లు, చిరుధాన్యాల తినుబండారాలు వంటి పనులకు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ దీనిలో ఉన్నది.

లెక్క వేసి చూద్దాం. ఒక గానుగకు 6 లక్షలు అవుతుందనుకొందాం. మన సొంత వాటా కనీసం పదోవంతు, అంటే 60 వేలు. సబ్సిడీ 2 లక్షల 10 వేలు. మిగిలిన 3 లక్షల 30 వేలు మనం వడ్డీతో తీర్చవలసిన అప్పు. పైగా ఆ సబ్సిడీ మన చేతికి నగదుగా రాదు. బ్యాంకులోనే వేరుగా ఉంటుంది. మూడేళ్లపాటు పని నడుస్తూ, వాయిదాలు సరిగా కట్టినవారికే అది అప్పులో జమ అవుతుంది. మధ్యలో మానివేసినవారికి అప్పు మిగులుతుంది, సబ్సిడీ దక్కదు. అందుచేత సబ్సిడీ ఉన్నదని పని మొదలుపెట్టకండి. సబ్సిడీ లేకపోయినా నడవగల పనికే చేయి పెట్టండి.

ఇదే పథకంలో పొదుపు సంఘాల స్త్రీలకు ఒక్కొక్కరికి 40 వేల రూపాయల వరకు మూలధనం పెట్టారు. ఆ సొమ్ము సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది. సమాఖ్య దానిని సభ్యురాలికి అప్పుగా ఇస్తుంది. ఆమె తీర్చితే అదే సొమ్ము మరొక అక్కకు చేరుతుంది. జహీరాబాదు జొన్నల గాదె మీకు గుర్తుకు రావడం లేదూ?

కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి

సహాయం లేక నష్టపోయినవారి కంటే, వేళకు తెలియక, కాగితం లేక నష్టపోయినవారు మన ఊళ్లలో చాలామంది. పట్టాదారు పాసుపుస్తకం, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బడిలో చదివిన సంవత్సరాల స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు ఖాతా పుస్తకం ఒకే సంచిలో భద్రపరచండి. అన్నింటిలో పేరు, ఇంటిపేరు ఒకే విధంగా ఉన్నవో లేదో ఈ రోజే చూడండి. తప్పు ఉంటే వేసవి సెలవులలోనే దిద్దించండి.

నిబంధనలు, గడువులు ఏటేటా మారుతుంటాయి. కాబట్టి మండల వ్యవసాయాధికారిని, విశ్వవిద్యాలయపు ప్రకటనను, బ్యాంకు మేనేజరును నేరుగా అడిగి తెలుసుకోండి. సబ్సిడీ ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మకండి. పీఎం ఎఫ్ఎంఈలో దరఖాస్తుకు తోడ్పడేందుకు జిల్లాకు నియమించిన వ్యక్తులకు ప్రతిఫలం పథకం నుండే అందుతుంది. మనం ఇవ్వనక్కరలేదు.

ఆ రాత్రి మాష్టారు ఈ సంగతులన్నీ ఒక తెల్లకాగితం మీద వ్రాసి ఆ తండ్రి చేతికి ఇచ్చారు. అతడు కాగితం మడిచి జేబులో పెట్టుకొని, లేవబోతూ అడిగాడు. "అయితే మాష్టారూ, వీడు చదివి వచ్చి నాకే వ్యవసాయం నేర్పుతాడంటారా?"

"నువ్వు వాడికి నేర్పు, వాడు నీకు నేర్పుతాడు. ముందు ఆ ఎకరంన్నర ఉండనీ" అన్నారు మాష్టారు.

భూమి అమ్మకానికి మాట్లాడుకొన్న బేరం మరునాడు ఆగిపోయింది. పిల్లవాడు పాలిటెక్నిక్‌కు దరఖాస్తు పెట్టాడు. సీటు వస్తుందో రాదో ఇంకా తెలియదు. రాకపోతే ఇంటర్‌లో బైపీసీ తీసుకొంటానంటున్నాడు. ఈ వేసవిలో మీ ఇంట కూడా ఇటువంటి నిర్ణయం ఎదురైతే, భూమి బేరానికి కూర్చునే ముందు పిల్లలను కూడా ఒక మాట అడగండి.