మంచు కొండల్లో చెక్క గదిలో నైట్ స్టే.. తలనొప్పి వస్తే ఎత్తు వల్లా? కుంపటి వల్లా? తేడా తెలియకపోతే ప్రాణాలకే ముప్పు!

కామారెడ్డి: చలికాలం వచ్చిందంటే చాలు.. గుల్‌మార్గ్, ఔలి, మనాలి టూర్ల ప్లాన్లు మొదలవుతాయి. హోటల్‌లో దిగి, మంచులో నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేయడం ఒక పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉంది. రోడ్డు లేని చోట, కొండ మీద చిన్న చెక్క గదిలోనో, టెంట్‌లోనో రాత్రి ఉండి, తెల్లారాక స్కీలు, స్నోషూలు కట్టుకుని మంచులోకి వెళ్లడం. వినడానికి భలే ఉంటుంది. అయితే పగలు మంచులో జారిపడతామేమో అని భయపడేవాళ్లు, రాత్రి పడుకునే గది గురించి మాత్రం పెద్దగా ఆలోచించరు. అసలు ప్రమాదం చాలాసార్లు అక్కడే ఉంటుంది. అదెలాగో చూద్దాం.

తాడ్వాయి నుంచి ఎవరెస్ట్ దాకా..

మంచు కొండలకూ మన జిల్లాకూ సంబంధం ఏంటి అనుకోవద్దు. ఎల్లారెడ్డి నియోజకవర్గంలోని తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలి కూడా ఎక్కి, ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ పూర్తి చేశారు. అయితే ఆమె నేరుగా ఎవరెస్ట్‌కు వెళ్లిపోలేదు. ముందు భువనగిరి గుట్ట మీద ట్రైనింగ్. తర్వాత డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో శిక్షణ. ఆ తర్వాత లద్దాఖ్ చలిలో ప్రాక్టీస్. అంటే కొండ ఎక్కడం ఒక్కటే కాదు, మంచులో ఉండటం కూడా నేర్చుకునే వెళ్లారు. టూర్‌కు వెళ్లే మనకు అంత ట్రైనింగ్ అక్కర్లేదు. కానీ ఆ రెండో పాఠం మాత్రం కొంతైనా తెలియాలి.

ఆ గదులు ఎలా ఉంటాయి?

లిఫ్టులు, గండోలా, చదును చేసిన ట్రాకులు లేని చోట సొంత కాళ్లతో ఎక్కి, స్కీల మీద జారుతూ దిగడాన్ని బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అంటారు. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల కింద ప్రత్యేకమైన పట్టీలు అతికిస్తారు. స్కీయింగ్ రానివాళ్లకు స్నోషూలు ఉంటాయి. వెడల్పుగా ఉండటంతో మన బరువు ఎక్కువ చోటుకు పరుచుకుని, కాలు మంచులో కూరుకుపోదు.

ఇలాంటి వాళ్ల కోసం నార్వేలో 1868లో మొదలైన ట్రెక్కింగ్ సంఘానికి వందల క్యాబిన్లు ఉన్నాయి. అమెరికాలోని కొలరాడోలో రెండో ప్రపంచ యుద్ధం నాటి టెన్త్ మౌంటెన్ డివిజన్ సైనికుల పేరుతో 1980ల నుంచి హట్లు నడుస్తున్నాయి. కట్టెల పొయ్యి, సోలార్ లైటు, వరుసగా మంచాలు.. అంతే. శీతాకాలంలో నీళ్లు కావాలంటే మంచు కరిగించుకోవాల్సిందే.

మన హిమాలయాల్లో అంత పెద్ద హట్ల వ్యవస్థ లేదు. పశ్చిమ బెంగాల్‌లో 3,636 మీటర్ల ఎత్తులో ఉన్న సందక్‌ఫూ లాంటి చోట్ల ట్రెక్కర్స్ హట్లు ఉంటాయి. మిగతా చోట్ల ఫారెస్ట్ రెస్ట్ హౌస్‌లు, హోమ్‌స్టేలు, టెంట్లే దిక్కు. పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి. కరెంట్ ఎప్పుడు పోతుందో తెలియదు. వెచ్చదనం కోసం ఉండేది బుఖారీ అనే ఇనుప పొయ్యి, లేదంటే బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్. కథంతా ఇక్కడే మలుపు తిరుగుతుంది.

తలుపులు మూసి, హీటర్ పెట్టుకుంటే..

2020 జనవరిలో నేపాల్ టూర్‌కు వెళ్లిన కేరళ వాళ్లు దామన్ అనే చోట రాత్రి బస చేశారు. చలికి గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు, కిటికీలు మూసి ఒకే గదిలో 8 మంది పడుకున్నారు. తెల్లారేసరికి అందరూ అపస్మారక స్థితిలో ఉన్నారు. ఆ 8 మందీ చనిపోయారు. వాళ్లలో నలుగురు పిల్లలు.

గాలి సరిగా ఆడని చోట కట్టె, బొగ్గు, గ్యాస్.. ఏది మండినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. దాంతో శరీరానికి ఆక్సిజన్ అందదు. నిద్రలోనే స్పృహ పోతుంది. కుంపటిలో పొగ ఆగిపోయింది కదా, ఇక భయం లేదు అనుకోవడం పెద్ద పొరపాటు. ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచి కూడా ఈ వాయువు వస్తూనే ఉంటుంది. పొగ గొట్టం ఉన్న బుఖారీ కొంత నయం. కానీ రాత్రి మంచు పడి ఆ గొట్టం మూసుకుపోతే అదీ కుంపటితో సమానమే.

రెండింటికీ ఒకే తలనొప్పి

అసలు చిక్కు ఏంటంటే.. ఎత్తుకు వెళ్తే వచ్చే జబ్బుకూ, ఈ వాయువుకూ లక్షణాలు దాదాపు ఒకటే. తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం. 3,500 మీటర్ల ఎత్తులో మనకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. గుల్‌మార్గ్ గండోలా కొద్ది నిమిషాల్లోనే 3,900 మీటర్లు దాటిస్తుంది. అందుకే కొండ మీద తలనొప్పి వస్తే "ఎత్తు కదా, మామూలే" అని గోలీ వేసుకుని పడుకుంటారు. ఒకవేళ అది కుంపటి వల్ల వచ్చిందైతే, ఆ నిద్రే ఆఖరి నిద్ర కావచ్చు.

తేడా ఇలా పట్టుకోవచ్చు:

• గదిలో ఒక్కరికి కాకుండా అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే ముందు కుంపటినే అనుమానించాలి.

• బయటి గాలిలోకి వెళ్లగానే తగ్గుతోందంటే అనుమానం ఇంకా బలపడినట్టే. తగ్గింది కదా అని మళ్లీ అదే గదిలోకి వెళ్లొద్దు. డాక్టర్‌కు చూపించుకోవాలి.

• ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి సాధారణంగా పైకి చేరిన కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. ఒకరికి రావచ్చు, పక్కవాళ్లకు రాకపోవచ్చు. కిటికీ తీసినా తగ్గదు.

• కరోనా టైంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్‌ను ఇక్కడ నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తాన్ని కూడా అది నార్మల్‌గానే చూపిస్తుంది.

• తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే కిందికి దించాలి.

ఏది అన్న అనుమానం తీరకపోతే? ముందు అందరినీ లేపి బయటకు తీసుకురండి. ఆలోచన తర్వాత.

రాత్రి బసకు ఇవి పాటించండి

• పడుకునే ముందు కుంపటి, హీటర్ గదిలోంచి తీసేయాలి. టెంట్ లోపల స్టవ్ వెలిగించొద్దు.

• బుఖారీ ఉంటే గొట్టం బయటి దాకా ఉందో లేదో పగటిపూటే చూసుకోండి. కిటికీ కొద్దిగా తెరిచే ఉంచండి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం వెంట ఉంటే ఇంకా మంచిది.

• వెచ్చదనానికి మంచి స్లీపింగ్ బ్యాగ్, కింద మందపాటి మ్యాట్ వాడండి. వేడినీళ్ల బాటిల్‌ను గట్టిగా మూతపెట్టి బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకోండి.

• కాటన్ బనియన్లు, జీన్స్ వద్దు. చెమటకు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఉన్ని, సింథటిక్ బట్టలు మేలు.

• మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ, నిజానికి ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది.

• మంచు కరిగించేటప్పుడు గిన్నెలో ముందు కాసిన్ని నీళ్లు పోయండి. లేదంటే గిన్నె మాడుతుంది.

• 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా ప్లాన్ చేసుకోవాలి. మూడు నాలుగు రోజులకు ఒకసారి రెస్ట్ తప్పనిసరి.

తెల్లారాక సంగతి

పగలు వచ్చే పెద్ద ప్రమాదం హిమపాతం కింద చిక్కుకోవడం. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న చోట మంచు పలకలు ఎక్కువగా జారతాయి. 2023 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ అఫర్వత్ దగ్గర ఇద్దరు పోలండ్ స్కీయర్లు ఇలాగే చనిపోయారు. మంచు కింద పడ్డవాళ్లను పావుగంటలోపు తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. అంత త్వరగా బయటి రెస్క్యూ టీం రాలేదు. పక్కనున్న వాళ్లే కాపాడాలి. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా సిగ్నల్ పంపే బీకన్, మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. వాటిని వాడటం కూడా రావాలి. కొత్తగా మంచు పడ్డ మరుసటి రోజు లోకల్ గైడ్ "వద్దు" అంటే వినడమే మంచిది.

నేర్చుకుని వెళ్లాలనుకునే వాళ్లకు గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ సంస్థ, ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలిలో పర్వతారోహణ సంస్థలు కోర్సులు నడుపుతున్నాయి.

మన దగ్గర కూడా చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకునే ఇళ్లు ఉన్నాయి. కామారెడ్డిలో అయినా, కశ్మీర్‌లో అయినా ఆ వాయువు చేసే పని ఒక్కటే. కాబట్టి టూర్‌కు వెళ్లినా, వెళ్లకపోయినా.. ఈ రాత్రి కుంపటి బయట పెట్టే పడుకోండి.