పిల్లల చేతికి డబ్బు, ఇంటిపనికి వెల

పాకెట్ మనీ అంటే పిల్లలు అడిగినప్పుడల్లా పెద్దలు తీసి ఇచ్చే చిల్లర కాదు. వారానికో నెలకో ఇంతని ముందే నిర్ణయించి, దాన్ని ఎలా వాడుకోవాలో పిల్లలకే వదిలేసే మొత్తం. అడిగితే దొరికే డబ్బుకు హద్దు ఉండదు, హద్దు లేనిచోట ఏది కొనాలో ఏది మానాలో తేల్చుకోవలసిన అవసరమూ రాదు. సోమవారం అందిన వంద రూపాయలు బుధవారానికల్లా చిరుతిళ్లకు ఖర్చయిపోయి, శుక్రవారం స్నేహితుడి పుట్టినరోజుకు పెన్ను కొనడానికైనా మిగలని పదేళ్ల పిల్లవాడికి కలిగే ఇబ్బందే అసలు పాఠం. జాలిపడి తండ్రి మరో యాభై చేతిలో పెడితే అది అక్కడే ఆగిపోతుంది.

ఇంతకంటే చిక్కైన ప్రశ్న ఇంటిపనికి డబ్బు ఇవ్వవచ్చా అన్నది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు గీయడం ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు; కొన్నాళ్ల తర్వాత చూస్తే వారు ఆ పనిపై గడిపిన సమయం, బహుమతి పొందని పిల్లలు గడిపిన దానిలో దాదాపు సగమే ఉంది. అంట్లు సర్దడం బొమ్మలు గీసినంత ఇష్టమైన పని కాదు కనుక ఆ ఫలితాన్ని ఇంటిపనికి యథాతథంగా అన్వయించలేం గాని, ప్రతి పనికీ రేటు కట్టిన ఇంట్లో, డబ్బు అక్కర్లేని రోజున పని మానేయడానికి పిల్లలకు సాకు దొరుకుతుందన్నది కాదనలేనిది.

మన ఇళ్లలో దీనికి మరో కోణం ఉంది. ఆరేళ్లు, ఆపై వయసువారు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో లెక్కించిన 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ప్రతిఫలం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు అందులో గడిపారు. తల్లీ కూతురూ ఊరికే చేసే పనికి కొడుకు పది రూపాయలు పుచ్చుకోవడం అన్యాయం. అందుకే తిన్న కంచం తీయడం, పక్క సర్దుకోవడం, మొక్కలకు నీళ్లు పోయడం అందరి వంతుగా ఉండాలి. స్కూటర్ కడగడం, పాత పేపర్లు కట్టగట్టి అమ్మిపెట్టడం వంటి అదనపు పనికే వెల కట్టాలి.

చెల్లింపులన్నీ ఫోన్‌లోనే జరిగిపోయే ఇళ్లలో డబ్బు తరిగిపోవడం పిల్లల కంటికి కనబడదు కనుక, చిన్నవారికి నోట్లూ నాణేలే ఇచ్చి, జమ, ఖర్చు, నిల్వ అనే మూడు గడులు గీసిన నోటుపుస్తకంలో వారి చేతే రాయించడం మేలు. పదేళ్లు నిండినవారు పొదుపు ఖాతాను స్వయంగా తెరిచి నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే అనుమతించింది. ఎంత మొత్తం వరకన్న పరిమితిని బ్యాంకులే నిర్ణయిస్తాయి, ఉన్న నిల్వకు మించి తీసుకునే ఓవర్‌డ్రాఫ్టు మాత్రం ఈ ఖాతాలకు లేదు. ఆ వయసు బిడ్డలున్న తల్లిదండ్రులు వారిని వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్లి, ఖాతా ఫారాన్ని వారి చేతే నింపించాలి.